హెడ్డుగారు తిరిగి చదివించిన నంబరు

ఈ ఉదయం మా బోటు మీద నంబరు కొత్తగా దిద్దుతుంటే రంగు వాసన గుమ్మం దాకా వచ్చింది. ఆ వాసన తగిలితే నాకు సత్యంగారే గుర్తొస్తారు. మా రేవులో మెరైన్ పోలీస్ స్టేషన్ హెడ్ కానిస్టేబులు ఆయన. పోయి చాలా కాలమైంది. మూడో తరగతితో బడి మానేసిన నాకు ఆ తరువాత చదువు చెప్పింది ఆయనొక్కరే.

ఉగ్రవాదులు సముద్రం మీదుగా వచ్చి మనుషుల్ని చంపారని తెలిశాక మా తీరానికీ ఆ స్టేషన్ పెట్టారు. కొత్త బోటు, కొత్త మొహం కనబడితే వెంటనే చెప్పమని సత్యంగారు వేటకెళ్ళేవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగారు. ఖాకీ బట్టలంటే నాకు నమ్మకం తక్కువ. చేపలు ఎండబెడుతూనే అడిగాను.

"మేం మీకు చెప్తాం. మీరెవరికి చెప్తారు?"

"జిల్లాకండి. వాళ్ళు పైవాళ్ళకి, సముద్రంలో కాపలా ఓడలకి. అలా ఢిల్లీ దాకా వెళ్తుంది."

"మరి ఆ పైవాళ్ళు మీకేం చెప్తారు?"

ఆయన టోపీ తీసి తల గోక్కున్నారు. "అడిగితే చెప్తారు. ఒక్కోసారి అడిగినా చెప్పరండి."

నిజం చెప్పే పోలీసుని చూడటం అదే మొదలు. అయినా మజ్జిగ ఇవ్వలేదు.

కొత్త బోటు కొనే స్తోమత మా ఇంట్లో లేదు. ఆ ఏడే మా ఆయన ఒడిశావాళ్ళ దగ్గర పాతది కొన్నారు. బోట్లు నమోదు చేసే ఆఫీసు చుట్టూ తిరిగి మన రాష్ట్రం నంబరు తెచ్చి రాయించాం. కొన్నాళ్ళకే, మా పెద్దాడు వేటలో ఉండగా, కాపలా ఓడ ఆ బోటుని ఆపేసింది. ఆ నంబరు వాళ్ళ దగ్గర లేదట. దొంగ నంబరుతో ఎవరో చొరబడుతున్నారని పైదాకా కబురు వెళ్ళిపోయింది. తుపాకులు గురిపెట్టి మావాడి చేత చేతులెత్తించారని పక్క బోటువాళ్ళు వచ్చి చెబితే, స్టేషనుకి పరిగెత్తాను.

సత్యంగారు బోట్లు నమోదు చేసే ఆఫీసుకి ఫోన్ చేశారు. ఆ నంబరు ఎప్పుడో పంపించేశాం అన్నారట.

"ఎవరికి పంపారు సార్? అందిందని ఆయన అన్నారా?"

పంపినవాళ్ళు పంపేశాం అనుకున్నారు. అందుకోవలసినవాళ్ళకి అలాంటిదొకటి రావాలనే తెలియదు. ఆయన అన్నం కూడా తినకుండా ఒక్కో ఆఫీసుకీ ఫోన్ చేసుకుంటూ పోయారు. చివరికి ఓడతో మాట్లాడే గది దొరికింది. నంబరు చెప్పి ఊరుకోలేదు. "ఇప్పుడు మీరు నాకు చదవండి సార్" అన్నారు. ఓడవాళ్ళు ఏమన్నారో తెలిసేదాకా ఫోను పెట్టలేదు.

పొద్దువాలేసరికి మావాడు ఒడ్డుకొచ్చాడు.

"ఇంతమంది గవర్నమెంటువాళ్ళుండి, ఒకళ్ళ మాట ఒకళ్ళకి చేరవెయ్యడానికి మీరొక్కరే దొరికారా హెడ్డుగారూ?" అన్నాను.

"చెప్పేశాం అంటే సరిపోదండి. అవతలివాళ్ళు తిరిగి చెప్పేదాకా మనం చెప్పనట్టే."

ఆ రోజు మజ్జిగ ఇచ్చాను, పెద్ద గ్లాసుతో.

మొన్న రేవుకి దూరంగా నంబరు చెరిపేసిన పడవొకటి కనబడితే స్టేషనుకి ఫోన్ చేశాను. "నోట్ చేసుకున్నానండి, ఉంటాను మామ్మగారూ" అన్నాడు ఎవరో కొత్త కానిస్టేబులు.

"ఉండు బాబూ. ఏం రాసుకున్నావో చదువు."

అటునుంచి సొరుగు లాగిన చప్పుడు, కాగితం చప్పుడు వినిపించాయి.

"మళ్ళీ ఒకసారి చెప్పండి మామ్మగారూ" అన్నాడు.

మొదటినుంచీ చెప్పాను.