గోదావరి ఉపనదుల్లో మూసీ

కరోనా తర్వాత థియేటర్లు మళ్ళీ నిండడం మొదలైన ఏడాది, వేసవిలో, చిక్కడపల్లిలోని ఒక చిన్న రికార్డింగ్ స్టూడియోలో నన్ను సౌండ్ ఇంజనీరుగా వేశారు. అంతకు ముందు అక్కడే అసిస్టెంటుగా కేబుళ్ళు చుట్టేవాణ్ణి. ఇంజనీరయ్యాక చేతికొచ్చిన మొదటి పెద్ద పని ఒక గూఢచారి సినిమాకు టైటిల్ పాట. ముప్పై దాటగానే ఆ వృత్తి వదిలి నీటిపారుదల శాఖలో ఏఈగా చేరాను కనుక, సౌండు విషయంలో నన్ను విశ్రాంత ఉద్యోగిగానే లెక్కించవచ్చు.

పాడవలసింది జ్వాలిక. సొంత ఆల్బమ్‌లతో పేరు తెచ్చుకున్న పాప్ గాయని. నగరంలో ఏ కాలేజీ ఉత్సవమైనా ఆమె పాటతోనే ముగిసేది. సినిమాకు పాడడం మాత్రం అదే మొదలు. సంగీత దర్శకులు సుబ్బారావు గారు స్టూడియోకు పక్కనే ఉన్న, కోచింగ్ సెంటర్లకు పేరుపడ్డ అశోక్ నగర్‌లోనే పుట్టి పెరిగారు గానీ, ఎవరడిగినా “మాది రాజమండ్రండీ” అనేవారు. సినిమా దర్శకుడి షరతు ఒక్కటే: సాయంత్రం తానే వచ్చి వింటాడు, నచ్చకపోతే అదే ట్యూన్ ముంబై గాయనికి వెళ్తుంది. ఆమెతో మాట్లాడి ఉంచారు కూడా. ఇక్కడ చూస్తే, కవాడిగూడలో జ్వాలిక వాళ్ళమ్మ అప్పటికే గల్లీ అంతా లడ్డూలు పంచేసింది.

“పాట పోతే మా గల్లీల మొఖం చూపియ్యలేను అన్నా. లడ్డూలు వాపస్ అడగలేం కద,” అంది జ్వాలిక నాతో, హెడ్‌ఫోన్లు తగిలించుకుంటూ.

ట్యూన్ తయారై సాహిత్యం ఇంకా రానప్పుడు, గొంతు ఎక్కడ లేవాలో ఎక్కడ దిగాలో చూసుకోవడానికి ఏవో ఒక పదాలతో పాడించి ఉంచుకుంటాం. దాన్ని డమ్మీ అంటారు. సుబ్బారావు గారి డమ్మీలన్నీ టిఫిన్లతోనే నడిచేవి. పెసరట్టు మీద ఆయన కట్టిన విషాద గీతం ఒకటి ఇప్పటికీ నా హార్డ్ డిస్కులో ఉంది.

ఆ రోజు కవి గారి సాహిత్యం మధ్యాహ్నానికి గానీ రాదన్నారు. సరే, డమ్మీ చేద్దామని మైకు తెరవగానే హెడ్‌ఫోన్లలో ఒక మగగొంతు వినిపించింది: మంజీర, మానేరు, ప్రాణహిత, ఇంద్రావతి, శబరి. కాసేపాగి మళ్ళీ మంజీర. మా గోడకు ఆనుకుని కుర్రాళ్ళ హాస్టల్ ఉంది. గ్రూప్స్ పరీక్షలకు చదివేవాళ్ళు డాబా మీద పచార్లు చేస్తూ బయటికే చదువుతారు. ఇటువంటప్పుడు ముందు కిటికీ సందులు మూస్తాం, తర్వాత మైకు వీపును శబ్దం వైపు తిప్పుతాం. రెండూ పనిచేయకపోతే వెళ్ళి బతిమాలుకుంటాం. మూడోది చేయడానికి నేను బయల్దేరితే జ్వాలిక కూడా వెంట వచ్చింది.

చదువుతున్న అతని పేరు మల్లేశ్, సూర్యాపేట దగ్గరి ఊరు. పుస్తకం మీంచి తలెత్తకుండానే, “మీకు పాట ఉంది, మాకు గ్రూప్స్ ఉంది అన్నా. నాది మూడో అటెంప్ట్,” అన్నాడు.

“ఏం చదువుతున్నవ్ తమ్మీ?” అంది జ్వాలిక.

“గోదావరి ఉపనదులక్కా. పొద్దటి సంది చదువుతున్న, నిలుస్తలేవు.”

“నేను నిలబెడ్త. గీ పూట మనసుల చదువుకుంటవా?”

ఇక ఆ డాబా మీదే, ఆరేసిన లుంగీల మధ్య నిలబడి, ఆ ఐదు పేర్లనూ గూఢచారి ట్యూన్‌లో పెట్టి పాడింది. గట్టిగా కాదు, ఒక్కడికే రహస్యం చెప్తున్నట్టు, చెప్పినది మర్చిపోవద్దన్నట్టు. పచార్లు ఆగిపోయాయి. మల్లేశ్ పుస్తకం మూసి, పాట పూర్తయ్యాక తమకే ముందు వినిపించాలని షరతు పెట్టి, హాస్టల్ మొత్తం తరఫున మౌనానికి ఒప్పుకున్నాడు.

కిందికి రాగానే సుబ్బారావు గారికి పాడి వినిపించింది. “పెసరట్టు కంటే బాగుందండీ, ఇదే డమ్మీ,” అన్నారాయన. పంక్తి చివర ఒక పొడుగు స్వరం ఖాళీగా మిగిలింది. ఆమె దాంట్లో ‘మూసీ’ వేసి సాగదీసింది. మాకెవరికీ ఏమీ తేడా అనిపించలేదు. సుబ్బారావు గారు, “గోదావరి గురించి నాకు చెప్పకండి, మా తాతగారు రోజూ అందులోనే ఈదేవారు,” అని ఓకే చేశారు.

మధ్యాహ్నం సాహిత్యం వచ్చింది. నిప్పుకళ్ళ నిఘా నేనే, నీడ లేని సెగ నేనే. జ్వాలిక శ్రుతి తప్పకుండా, తాళం జారకుండా పాడింది. కానీ ఎన్నికల ప్రచార రథం మీంచి వస్తున్నట్టుంది. గూఢచారి అయితే ఇన్నిసార్లు ‘నేనే’ అనడు.

సాయంత్రం దర్శకుడు వచ్చి విన్నాడు. “బాగుంది,” అన్నాడు. ఆ మాట తర్వాత ఇంకో వాక్యం రాకపోతే మా వృత్తిలో దాని అర్థం బాగోలేదని. ఆయన ముంబైకి చేద్దామని ఫోన్ తీశాడు. అప్పుడు అద్దం అవతలి నుంచి జ్వాలిక మైకులో, “సార్, పొద్దుగాల పాడింది ఒక్కసారి వినుండ్రి. అది పాట కాదు, కానీ గొంతు నాదే,” అంది.

డమ్మీ వేశాను. ఒప్పందం ప్రకారం వచ్చిన హాస్టల్ కుర్రాళ్ళు తలుపు దగ్గర నిలబడి ఉన్నారు. పాట అయ్యేలోపు దర్శకుడు ఫోన్ జేబులో పెట్టేశాడు.

“ఇవి కోడ్ పేర్లా?” అన్నాడు.

“అలాగే అనుకోవచ్చండీ,” అన్నారు సుబ్బారావు గారు, నా వైపు చూడకుండా.

“ఉపనదులు సార్. గోదావరివి,” అంది జ్వాలిక.

దర్శకుడు లేచి పచార్లు మొదలుపెట్టాడు. తన సినిమాలో ఏజెంట్లకు నంబర్లే తప్ప పేర్లు లేవట. డబ్బింగ్ ఇంకా కాలేదు కనుక మార్చవచ్చు. ఏజెంట్లు ఉపనదులు, అందరూ చేరే చీఫ్ గోదావరి. పాట ఇదే, గాయని ఈమే అన్నాడు.

“సార్, ఒక ఆబ్జెక్షన్,” అన్నాడు మల్లేశ్.

పరీక్ష అయ్యాక ప్రాథమిక కీ విడుదల చేస్తారు. అందులో తప్పుంటే అభ్యర్థులు పెట్టేది ఆబ్జెక్షన్. అశోక్ నగర్‌లో అది సహజ భాష.

“మూసీ గోదావరిది కాదు సార్, కృష్ణల కలుస్తది. మా చేన్ల పక్కకెల్లే పోతది.”

“నా కొంప ముంచకు తమ్మీ,” అంది జ్వాలిక.

“తప్పు పాడితె మార్కు పోతదక్కా.”

దర్శకుడి మొహం మారింది. తప్పు పాటను సోషల్ మీడియా వదలదని ఆయనకు తెలుసు. నేను పంచ్-ఇన్ ప్రయత్నించాను. అంటే పాటంతా అలాగే ఉంచి ఆ ఒక్క పదాన్ని మళ్ళీ పాడించి అతికించడం. మూసీకి బదులు కడెం వేశాం, అదీ గోదావరి ఉపనదే. కానీ కడెం అనగానే పెదవులు మూసుకుంటాయి, సాగదీయడానికి గొంతుకు దారి ఉండదు. ఆమె ఎన్నిసార్లు పాడినా చివర్లో తుమ్మెద ఎగిరినట్టే వచ్చింది. కిన్నెరసాని ఆ ఖాళీలో పట్టలేదు. దర్శకుడి చెయ్యి మళ్ళీ జేబు వైపు వెళ్ళింది.

చెయ్యి అక్కడే ఆపి మల్లేశ్‌ను అడిగాడు. “అన్నీ గోదావరిలో కలుస్తాయి, అదొక్కటీ వేరే వైపు పోతుంది. అంతేనా?”

“అంతే సార్.”

“అయితే నా సినిమాలో శత్రువుకు అమ్ముడుపోయినవాడు వాడే.” క్లైమాక్స్ దాకా దాచిన ద్రోహికి అలా మూసీ అని పేరు పడింది. డమ్మీయే ఫైనల్ అయింది. జ్వాలిక బయటికొచ్చి ముందు మల్లేశ్ వీపు మీద ఒకటి చరిచింది, తర్వాత వాళ్ళమ్మకు ఫోన్ చేసింది.

విడుదల రోజు మా పక్కనే ఉన్న క్రాస్‌రోడ్స్ థియేటర్లో మొదటి ఆట మేమంతా కలిసే చూశాం. హాల్లో సగం మంది అశోక్ నగర్ వాళ్ళే. టైటిల్ పాట మొదలైంది. మంజీర, మానేరు అని హాలంతా గొంతు కలిపింది. చివర మూసీ రాగానే బాల్కనీ నుంచి ఎవరో, “దొంగ దొరికిండు రా,” అన్నారు. ఇంకెవరో, “వాడు కృష్ణల కలుస్తడు, రాసి పెట్టుకో,” అన్నారు. తెర మీద ఏజెంట్ మూసీ ఒక ముసలమ్మను రోడ్డు దాటిస్తూ పరిచయమయ్యాడు. హాలు పగలబడి నవ్వింది. మా వెనక వరుసలో దర్శకుడు రెండు చేతులతో తల పట్టుకున్నాడు, ఆ తర్వాత ఆయనా నవ్వాడు. మిగతా ఊళ్ళలో ద్రోహి ఎవరో క్లైమాక్స్ దాకా తెలియలేదని విన్నాను.

జ్వాలికకు తర్వాత వరసగా సినిమా పాటలు వచ్చాయి. నాకు ఆ పాట వల్ల తెలిసినవి రెండు. డమ్మీకి కూడా ఫైనల్‌కు పెట్టినంత శ్రద్ధగా మైకు పెట్టాలి, ఏది ఫైనల్ అవుతుందో ముందు తెలియదు. ఇక, పాటలోని వివరాలు సరిచూసుకోవడానికి అశోక్ నగర్‌ను మించిన చోటు లేదు గానీ, పాటలో రహస్యం ఉంటే మాత్రం దాన్ని వేరే పేటలో రికార్డు చేసుకోవాలి.