దిష్టికి కట్టిన టికీ

అరవైల చివరి మాట. మా అన్న సరుకుల ఓడలో వంటవాడు. ఓడ విశాఖపట్నం రేవుకి వచ్చినప్పుడల్లా శ్రీకాకుళంలో మా అత్తారింటికి వచ్చి, రెండు రోజులుండి వెళ్లేవాడు. తనతో పనిచేసేవాళ్ల చెల్లెళ్లకి నైలాన్ చీరలు వచ్చేవి, నాకు మట్టి మొహాలు వచ్చేవి. తప్పు మా అన్నది కాదు, అడిగింది నేనే.

మొదటిది జానెడు ఎత్తు మగ్గు. మగ్గు నిండా మొహమే. గుడ్లు మిటకరించి, పళ్లన్నీ బయటపెట్టి, నవ్వుతోందో కరవబోతోందో తెలియకుండా ఉంది. దాన్ని టికీ అంటారట. ఎక్కడో పసిఫిక్ దీవులవాళ్ల దేవుడి మొహమట. అమెరికా రేవుల్లో హోటళ్లవాళ్లు ఆ మొహంతో మగ్గులు చేయించి, రంగురంగుల సారా పోసి అమ్ముతారట. ఒకరి దేవుడి బుర్రలో సారా పోసుకోవడమేమిటని అప్పుడే అనిపించింది. అయినా మనసుపడ్డాను. "చీరలొద్దు, ఇవే తే" అన్నాను.

రెండేళ్లలో నాలుగయ్యాయి. జిల్లా మొత్తం మీద ఇలాంటివి పోగేసే పిచ్చిది నేనొక్కదాన్నే అయుంటాను. చూపించి మురిసిపోదామంటే చూసేవాళ్లు లేరు. మా అత్త మాత్రం అప్పుడప్పుడు వాటి ముందు నిలబడి, "అచ్చం మీ పెదమావ మొహమేనే" అనేది.

నాలుగోది అన్నిటికంటే పెద్దది. అది ఇచ్చి వెళ్లాక అన్న దగ్గర్నుంచి ఉత్తరం లేదు. ఎనిమిది నెలలు గడిచాయి. నేను రోజూ ఆ మొహం మీద దుమ్ము తుడిచేదాన్ని.

ఒకరోజు నేను పాఠాలు చెప్పే బడి నుంచి వచ్చి చూస్తే అరలో అది లేదు. ఆమదాలవలసలో మా ఆడపడుచు ఇల్లు కట్టుకుంటోంది. లేస్తున్న గోడలకి దిష్టి తగలకుండా గుమ్మడికాయకి మొహం గీసి వెదురుకి కడతారు కదా. మా అత్త నా టికీకి మసి పూసి, సున్నం బొట్లు పెట్టి, అక్కడ కట్టించి వచ్చింది.

"గుమ్మడికాయైతే కుళ్లిపోతాది. దీనికి మొహం గీసే పనుందేటి?" అంది.

ఒళ్లు మండింది. తెచ్చెయ్యమన్నాను. దిష్టికి కట్టింది మళ్లీ గడప దాటి లోపలికి రాకూడదట. గృహప్రవేశం నాడు వీధిలో పగలగొట్టెయ్యాలట.

దిష్టి అంటే పకపకా నవ్వేదాన్ని నేను. బళ్లో పిల్లలకి అవన్నీ వట్టి మాటలని చెప్పేదాన్ని. అలాంటిదాన్ని, "అత్తా, అది పగిలితే మా అన్న రాడు" అనేశాను. అన్నాక ఏడుపొచ్చింది, సిగ్గూ వేసింది. అత్త తమలపాకుకి సున్నం రాసుకుంటూ కూర్చుంది.

గృహప్రవేశం నాడు అత్త టికీని దింపించి, దాని చుట్టూ ఒక గుమ్మడికాయని మూడుసార్లు తిప్పి, ఆ కాయని వీధిలో పగలగొట్టించింది. టికీని కొంగులో చుట్టుకుని నాతో బస్సెక్కింది. శ్రీకాకుళంలో దిగి తిన్నగా నాగావళికి నడిచింది. మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఇసకతో తోమి, నా చేతిలో పెట్టింది.

"ఏరు కడిగీసినాక ఇంకేటి దిష్టి?" అంది.

అది ఆవిడ అప్పటికప్పుడు కల్పించిన ఆచారమని నాకు తెలుసు. అయినా కొంగులో చుట్టుకుని ఇంటికి తెచ్చుకున్నాను.

అన్న వానాకాలంలో వచ్చాడు. ఏదో దూరపు రేవులో జ్వరం ముదిరితే ఆసుపత్రిలో దించేసి ఓడ వెళ్లిపోయిందట. కలం పట్టే ఓపిక కూడా లేకపోయిందట. మనిషి సగమయ్యాడు. ఐదో మొహం తేలేకపోయానని నొచ్చుకుంటూ, అరలో పెద్దదాన్ని తీసి తిప్పి చూశాడు. చెవుల సందుల్లో మసి ఇంకా ఉంది.

"ఏటే, దీనికి మసేటి?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోగా అత్త అందుకుంది. "నీ దిష్టే బాబూ. నీకు తగలాల్సింది దానికి తగిలినాది."

అన్న నవ్వాడు. పాఠాలు చెప్పుకునే నేను నవ్వలేకపోయాను. ఆ మసిని ఇప్పటికీ తుడవలేదు.