అడుగుదాకా తోడిన బావి

పొద్దున్నే మొహం కడుక్కోగానే మా బాబాయి పెరట్లో నీళ్ళ మోటారు వేస్తాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన దానిమీద ఆనించి, పిడి చెవికి పెట్టుకుని అర నిమిషం కళ్ళు మూసుకుంటాడు. లోపల ఏది అరుగుతున్నా ఆ సంగతి ముందు ఇనుముకే తెలుస్తుందట.

"ఆ మోటారు గొంతు అంత శ్రద్ధగా వింటారు కదా, నా మాట వినడానికి కూడా ఏదైనా పనిముట్టు ఉంటే చూడండి" అంటుంది పిన్ని వంటింట్లోంచి.

"నీకు పనిముట్టెందుకే, వీధి చివరిదాకా వినిపిస్తుంటే!" అంటాడు కళ్ళు తెరవకుండానే.

ముప్ఫై ఏళ్ళకు పైగా ఆయన పని పంపుసెట్లు. మాది రాతినేల. బావిలో నీళ్ళు చెడితే అడుగుదాకా తోడేసి, బురద ఎత్తి, ఒక రోజు వదిలేస్తే చాలు. రాతి పగుళ్ళలోంచి కొత్త ఊట దిగుతుంది. చుట్టుపక్కల అలా ఆయన బాగుచేసిన బావులు వందకు తక్కువుండవు. అందుకే ఐదేళ్ళ కిందట సముద్రం అవతలి దేశంలో ఉప్పెన వచ్చి తీరం ఊళ్ళు కొట్టుకుపోయినప్పుడు, సాయానికి వెళ్ళే బృందం పంపు మెకానిక్కులు కావాలని అడిగితే, ముందు పేరిచ్చింది ఈయనే.

"ఇంట్లో కుళాయి ఆరు నెలలనుంచి కారుతోంది. ఈయన దేశాలు బాగుచేస్తాడట!" అని పిన్ని సణుగుతూనే పెట్టె సర్దింది.

ఆయన చేరిన ఊళ్ళో ఎనభై ఇళ్ళుండేవి. చాలా ఇళ్ళకు గోడలు పోయి గుమ్మాలు మాత్రం నిలబడి ఉన్నాయి. వాటి వెనకాల తిన్నగా సముద్రం కనబడేది. పదహారు బావుల్లో పదిహేనింటి నిండా ఉప్పునీళ్ళు, ఇసుక, చెత్త. బృందానికి పెద్ద ఒక ఇంజనీరు. ఊరి పంతులమ్మకు ఊళ్ళోవాళ్ళ భాషా, మన భాషా రెండూ వచ్చు. వాళ్ళ మాటలు ఈయనకూ, ఈయన మాటలు వాళ్ళకూ ఆవిడే చేరవేసేది.

మొదటివారం అంతా సందడే. డీజిలు పంపు దడదడలాడుతూ నల్లటి నీళ్ళను కక్కుతుంటే జనం చుట్టూ చేరి చప్పట్లు కొట్టారు. ఇంజనీరు దగ్గర పెన్నులాంటి మీటరు ఒకటుంది. నీళ్ళలో ముంచితే ఉప్పెంతుందో అంకె చూపిస్తుంది. వెయ్యి లోపుంటే తాగొచ్చు. మొదటి బావిలో ఆరు వేలున్న అంకె ఒకసారి తోడాక రెండున్నర వేలకు దిగింది. బాబాయి మీసం మెలేశాడు.

రెండోసారి తోడారు. మూడు వేలు. మూడోసారి తోడారు. నాలుగు వేలు.

"ఇంకా ఉప్పు మిగిలుందన్నమాట. పెద్ద పంపు పెట్టండి" అన్నాడు ఇంజనీరు. బాబాయికీ అదే సబబనిపించింది. పెద్ద పంపు పెట్టాడు. నీళ్ళు మాత్రం చూడటానికి తేటగా ఉండేవి. పంపు ఆపినప్పుడల్లా సముద్రపు హోరు ముందురోజుకంటే దగ్గరగా వినిపించేదని బాబాయి అంటాడు. అది భ్రమేనని ఆయనకూ తెలుసు. పొద్దున లేవగానే వెళ్ళి, ఒడ్డున తాను పాతిన కర్ర దగ్గర్నుంచి అలలదాకా అడుగులు లెక్కపెట్టుకునేవాడట. అదే దూరం. మూడోవారానికి పదిహేను బావుల్లోనూ అంకె పైకే పోయింది. చప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయో ఎవరూ గమనించలేదు.

ఇక మిగిలింది ఒక్క బావి. మిట్టమీద ఒక ముసలావిడ ఇంటి ముందు ఉంది. ఉప్పెన దాన్ని ముంచలేదు, తుంపర మాత్రం పడింది. మీటరు ఏడు వందలు చూపించింది. ఊరి బిందెలన్నీ అక్కడికే చేరాయి. ముసలావిడ చిన్న చేద ఒకటి పెట్టుకుని, అది నీటి పైపొరను తాకీతాకగానే పైకి లాగి, ఇంటికి రెండు బిందెల చొప్పున తనే పోసేది. ఇంకొకరిని తాడు ముట్టుకోనిచ్చేది కాదు.

ఆ వారంలోనే ఇద్దరు పిల్లలకు విరేచనాలు పట్టుకుని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఈ బావినీ అడుగుదాకా తోడి శుభ్రం చెయ్యాల్సిందేనన్నాడు ఇంజనీరు.

"సార్, తోడేకొద్దీ అంకె పెరుగుతోందండీ. దీన్నొక్కదాన్ని ఆపి చూద్దామా?" అన్నాడు బాబాయి.

"ఆ పిల్లలకేమైనా అయితే సమాధానం మీరు చెబుతారా?"

బాబాయి గొట్టం చుట్ట భుజానికెత్తుకుని మిట్ట ఎక్కాడు.

వెళ్ళేసరికి ముసలావిడ బావి గట్టుమీద కూర్చుని ఉంది.

"పాలమీద మీగడ తియ్యాలంటే చెయ్యి పైపైన పోనివ్వాలి. గిన్నెంతా కలిపేస్తే మీగడెక్కడ దొరుకుతుంది నాయనా? ఇసుకలో మంచినీళ్ళు పైన తేలుతుంటాయి. కింద ఉన్నది అదే" అని సముద్రం వైపు గడ్డంతో చూపించింది. "మందు వెయ్యండి. కాచుకుని తాగుతాం. గొట్టం మాత్రం దించొద్దు."

బాబాయి నవ్వాడు. "అవ్వా, ముప్ఫై ఏళ్ళనుంచి బావుల్లోకి దిగి పైకొస్తున్నవాణ్ణి. నన్ను నమ్ము. రేపు అద్దంలాంటి నీళ్ళు ముందు నీ గ్లాసులోనే పోస్తాను."

పంతులమ్మ వెంటనే చెప్పలేదు. "ఈ మాట చెప్పమంటారా, మెకానిక్ గారూ? ఆవిడ నిజంగానే నమ్ముతుంది."

"చెప్పండి."

ముసలావిడ ఆయన మొహంలోకి కాసేపు చూసి, గట్టు దిగి, చేద తీసుకుని ఇంట్లోకి వెళ్ళిపోయింది.

బాబాయి గొట్టాన్ని అడుగుదాకా దించాడు. అరగంటలో నీటిమట్టం నిలువెత్తు పడిపోయింది. తరవాత ఆగింది. పంపు లాగుతూనే ఉంది, మట్టం వేలెడు కూడా దిగడంలేదు.

"అబ్బో, ఏం ఊట!" అన్నాడు ఇంజనీరు సంబరంగా.

మా ఊళ్ళో అయితే బాబాయి కూడా అదే మాట అనేవాడు. ధార కింద దోసిలి పట్టి ఒక గుక్క నోట్లో పోసుకున్నాడు. పరుగెత్తుకెళ్ళి పంపు ఆపేశాడు. బిందెలతో నిలబడ్డవాళ్ళు ఆయన మొహం చూసి, ఏమీ అడగకుండా, ఒకరి తరవాత ఒకరు ఇళ్ళదారి పట్టారు. మీటరు ఐదు వేల రెండు వందలు చూపించింది.

మర్నాడు ముసలావిడ గ్లాసు పట్టుకుని వచ్చింది. బాబాయి కదల్లేదు. తనే చేద వేసి, పైపైన ముంచి, గ్లాసులో పోసుకుని కొంచెం తాగింది. మిగిలింది నేలమీద ఒలకబోసి పంతులమ్మతో ఏదో అంది.

"ఏమన్నారు?"

"మీరు అన్నం తిన్నారా అని అడిగింది" అంది పంతులమ్మ ఎటో చూస్తూ.

ఆవిడ నిజంగా అదే అడిగిందో లేదో బాబాయికి ఇప్పటికీ తెలియదు.

పంపులన్నీ ఆపించారు. తరవాత వచ్చిన నీటి నిపుణుడు ముసలావిడ చెప్పిందే బొమ్మలు గీసి, పెద్ద పెద్ద మాటల్లో చెప్పాడు. కొన్నేళ్ళపాటు వానలు బాగా పడితే తప్ప ఆ బావి కోలుకోదన్నాడు. ఊరికి రోజు విడిచి రోజు ట్యాంకరు రావడం మొదలైంది. ఆసుపత్రికి వెళ్ళిన పిల్లలు కోలుకున్నారు గానీ వాళ్ళ కుటుంబాలు ఊరికి తిరిగి రాలేదు. ఏడాది తిరిగేసరికి మొత్తం ఇరవై మూడు కుటుంబాలు వెళ్ళిపోయాయి. ముసలావిడ వెళ్ళలేదు.

ఇంటికొచ్చాక బాబాయి వారంరోజులు మంచినీళ్ళ గ్లాసు అందుకున్నప్పుడల్లా ఒక్క క్షణం ఆగేవాడట. పిన్ని కూడా ఆ వారం ఆయన్ని ఏమీ అనలేదు. ఎనిమిదో రోజున మాత్రం, "మళ్ళీ వెళతారా?" అని అడిగింది. "వెళ్ళాలి" అన్నాడు.

ఇప్పుడు ఏటా ఒక నెల దుకాణం మూసి ఆ ఊరు వెళుతున్నాడు. ఇంటికప్పులమీద పడ్డ వాననీళ్ళు తొట్టెల్లో చేరేలా గొట్టాలు బిగిస్తున్నాడు. ముప్ఫై ఒక్క ఇళ్ళు పూర్తయ్యాయి, ఇరవై ఆరు మిగిలాయి. మిట్టమీది బావిలో ఈ ఏడాది మీటరు పందొమ్మిది వందలు చూపించింది.