కోడనుకున్న పందికొక్కు

ఆ రోజుల్లో "నాకు తెలియదు" అనే మాట నా నోటి వెంట వచ్చేది కాదు. ఎవరైనా దారి అడిగితే, ఆ వీధిని నేను జన్మలో చూడకపోయినా, చెయ్యి చాపి ఏదో ఒక దిక్కు చూపించేవాణ్ణి. ఏ పని వచ్చా అని అడిగినా పుట్టినప్పటి నుంచీ అదే పనిలో ఉన్నట్టు తలూపేవాణ్ణి. ఇరవై ఏళ్ళ వయసులో తెలియదని ఒప్పుకోవడం నలుగురిలో లుంగీ ఊడిపోయినంత అవమానంగా తోచేది. (నిజంగా ఊడితే ఎలా ఉంటుందో కూడా తరవాత తెలిసింది లెండి. ఆ సంగతికే వస్తున్నాను.)

మాది బర్మాలో యాంగోన్‌కి బస్సులో సగం రోజు దూరంలో ఉన్న పల్లె. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చినవాళ్ళ ఇళ్ళే అన్నీ. బడిలో బర్మీసు చదివాం గానీ బడి గుమ్మం దిగగానే మళ్ళీ తెలుగే. అందువల్ల మా బర్మీసుకి మా ఊరి యాస అతుక్కుపోయి ఉండేది. అది మాకు వినిపించేది కాదు, ఎదుటివాళ్ళకే వినిపించేది. పొలం పని నా వల్ల కాదని నాన్నతో పోట్లాడి నేను నగరానికి వచ్చి, చిమిండైంగ్‌లో బజారు వెనక అద్దెకుంటున్న అన్న ఇంట్లో దిగాను. అన్న మంచివాడే, కానీ రెండు గదుల ఇల్లు, ఇద్దరు పిల్లలు. మొదటి రోజే చెప్పేశాడు. "ఒక్క నెల సూస్తాను. ఉద్దోగం దొరికితే ఉండు. దొరక్కపోతే బస్సెక్కీసి నాన్న కాడికి పో." నెలకి ఇంకా నాలుగు రోజులే ఉన్నాయనగా, లమ్మడాలో ఒక పప్పుల గోదాంలో మనిషి కావాలని వదిన ఎక్కడో విని వచ్చింది.

ఆ గోదాం యజమానురాలిని అందరూ దోజీ అనేవారు. పెద్దమ్మా అని పిలిచినట్టన్నమాట. అరవై దాటిన మనిషి, బౌద్ధురాలు, ఒక చేతిలో జపమాల, బుగ్గలో ఎప్పుడూ కిళ్ళీ. బస్తాల మీద సరుకు పేరూ గుర్తులూ రాయడం నా పని అని చెప్పింది. నా చేతిరాత చూసి బాగుందంది. ఆ తరవాత కిళ్ళీని ఒక బుగ్గలోంచి ఇంకో బుగ్గలోకి మార్చి, బర్మీసులో అసలు ప్రశ్న అడిగింది. "ఇక్కడ ఒక చెట్ ఉంది. వచ్చినవాళ్ళందరూ దాన్ని చూసి పారిపోతున్నారు. నువ్వు పట్టగలవా?"

చెట్ అంటే బర్మీసులో కోడి. కోడిని చూసి పారిపోయే మగాళ్ళున్నారా ఈ ఊళ్ళో అని నాకు నవ్వొచ్చింది. మా ఊళ్ళో ప్రతి మిల్లులోనూ రాలిన గింజలు ఏరుకు తినడానికి కోళ్ళుండేవి కాబట్టి, గోదాంలో కోడి ఉండటం నాకు వింతగా అనిపించలేదు. "చిన్నప్పటి నుంచీ పడుతున్నాను దోజీ. వలా బోనూ ఎందుకు, ఒట్టి చేతుల్తోనే" అన్నాను. ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి. నాకు హుషారు ఎక్కువైంది. "ఆదివారం వస్తే అమ్మ నన్నే పట్టమనేది. ఒక్కటి పడితే ఐదుగురికి సరిపోతుంది. బాగా బలిసిందైతే ఏడుగురికి" అన్నాను.

ఆవిడ జపమాల తిప్పడం ఆపింది. తరవాత మెల్లగా, "దీన్ని మాత్రం తినకూడదు. చంపకూడదు. రక్తం బొట్టు కారకూడదు. నేను గురువారం పుట్టాను" అంది. గురువారానికీ కోడికీ ఏమిటి సంబంధం అని అడిగి ఉంటే నా కథ వేరేలా ఉండేది. అడగలేదు. తెలిసినట్టు తలూపాను. పదిహేను రోజుల్లో పడితే ఉద్యోగం ఖాయమంది.

మర్నాడు వదిన దగ్గర కోళ్ళగంప అడిగి తీసుకుని, జేబులో గుప్పెడు నూకలు పోసుకుని వెళ్ళాను. బస్తాల వరసల మధ్య సందులో నూకలు చల్లి, గొంతుక్కూర్చుని, "బో బో బో" అని పిలవడం మొదలుపెట్టాను. మూటలు మోసేవాళ్ళు పని ఆపి గౌరవంగా చూస్తూ నిలబడ్డారు. కాటా దగ్గర తూకం చూసే పెద్దాయన ఒక్కడే నా పక్కకి వచ్చి, తెలుగులో అడిగాడు. "ఏటి సేస్తన్నావురా?"

"కోడిని పిలుస్తన్నాను మామా." ఆ ఊళ్ళో తెలుగు మాట వినబడితే చాలు, ఎవరైనా మామే.

"ఏ కోడి?"

సరిగ్గా అప్పుడు సందు చివర్నుంచి వచ్చింది. పిల్లి కంటే కాస్త తక్కువ, మామూలు ఎలుక కంటే చాలా ఎక్కువ. బూడిద రంగు పందికొక్కు. ఒక చెవి చిరిగిపోయి ఉంది. నా కాళ్ళ దగ్గరున్న నూకల్ని చూసింది, నన్ను చూసింది, నేను పెద్ద లెక్కలోకి రానని తేల్చుకుని తినడం మొదలుపెట్టింది. మామ కాటా మీదికి ఎక్కేశాడు. నేనెలా ఎక్కానో తెలియదు గానీ మినుముల బస్తాల మీద ఏడో వరసలో తేలాను.

విషయం అప్పుడు తెలిసింది. చెట్ కోడి, చ్వెట్ ఎలుక. రాస్తే తేడా అక్షరం కింద ఒక చిన్న సున్న. పలికితే, పెదవుల్ని ఒక్క క్షణం చుట్టాలి. బుగ్గ నిండా కిళ్ళీ ఉన్న మనిషి పెదవులు చుట్టలేదు, మా ఊరి చెవి ఉన్నవాడు చుట్టినా పట్టుకోలేడు. గురువారం సంగతి కూడా మామే చెప్పాడు. ఈ దేశంలో పుట్టిన వారాన్ని బట్టి ఒక్కొక్కరికి ఒక్కో జంతువు, గురువారానిది ఎలుక. దోజీ ప్రతి గురువారం పగోడాకి వెళ్ళి ఎలుక బొమ్మ మీద నీళ్ళు పోసి దండం పెట్టుకుంటుంది. అక్కడ దండం పెట్టి ఇక్కడ మందు పెట్టి చంపలేదు కదా. (మన వినాయకుడి వాహనం కాబట్టి మామ కూడా కర్ర ఎత్తేవాడు కాదు. భక్తి వల్లనే అనేవాడు.)

"నేను కోడనుకున్నాను మామా. ఈకలు పీకడం, కాల్చడం, అన్నీ వచ్చుననుకున్నాను. ఇప్పుడు నిజం చెప్తే పంపించీదా?"

"పంపించీదేటి, ఒక్క పందికొక్కుని ఐదుగురు తింతారని సెప్పినావంట. రాక్షసుడనుకోని భయపడతంది. నోరు మూసుకోని పట్టీ."

ఈ సంభాషణంతా దోజీకి రెండు బారల దూరంలో, గొంతు తగ్గించకుండా నడిచింది. ఆవిడకి తెలుగు రాదు కదా. ఆవిడ జపమాల తిప్పుకుంటూ కూర్చుంది.

ఆ పెద్దాయన్ని గోదాంలో అందరూ మూరెడు మామ అనేవారు. ఆయన వేట కథలన్నీ మూరెడు దూరంలోనే జరిగేవి. కొండల్లో అడవిపంది, రేవులో కొండచిలువ, ఎవరి పెరట్లోనో చిరుతపులి, అన్నీ మూరెడు దూరంలోనే ఆయనకి ఎదురుపడి అక్కడే చచ్చేవి. "దూరం నుంచి కొట్టీవోడు యాటగాడేటిరా? దాని ఊపిరి నీ మొకానికి తగలాల. దాని కళ్ళల్ల నువ్వు కనపడాల. అప్పుడు అది నీది" అనేవాడు. మధ్యాహ్నం అన్నం తిన్నాక నేను ఆయన పక్కన చేరి వినేవాణ్ణి. మేం ఆ మూల అంతసేపు కబుర్లాడుతున్నా దోజీ ఎందుకో కసిరేది కాదు. పైగా తన కుర్చీ మా వైపు జరుపుకునేది. అక్కడ గాలి బాగా వస్తుందేమో అనుకున్నాను.

రోజులు గడుస్తున్నాయి. బోను పెట్టాం, అది బోను తలుపు కొరికేసింది. వల పన్నాం, వలలో మూటలు మోసేవాడొకడు పడ్డాడు. నెల నిండిన రోజు ఇంటి దగ్గర అన్న నా సంచీని గోడకున్న మేకు నుంచి తీసి గుమ్మం పక్కన పెట్టాడు. ఏం చెయ్యాలో తోచక నేను రోజూ మధ్యాహ్నం అదే సందులో నూకలు చల్లి "బో బో బో" అంటూ వచ్చాను. నాకు వచ్చింది అదొక్కటే. ఐదో రోజుకి పందికొక్కు బస్తాల చాటు నుంచి తల పెట్టి చూసింది. పదో రోజుకి నేను పిలవగానే రావడం మొదలుపెట్టింది.

పద్నాలుగో రోజు మధ్యాహ్నం గోదాం తలుపులు దగ్గరగా వేయించి, నేల మీద బోర్లా పడుకుని పిలిచాను. వచ్చింది. అరచేతి ముందున్న నూకలు రెండు చేతులతో పట్టుకుని తింటోంది. మీసాలు కదులుతున్నాయి. చిరిగిన చెవి లోపల సన్నని ఎర్రటి నరం కనబడుతోంది. దాని ఊపిరి నిజంగానే నా మొహానికి తగిలింది. మామ చెప్పినవన్నీ జరిగాయి గానీ ఒక్కటి మాత్రం ఆయన కథల్లో ఎప్పుడూ లేదు. ఆ పందులూ పులులూ ఏవీ ఆయన చేతి గింజలు తినలేదు, ఆయన పిలిస్తే రాలేదు. అంత దగ్గరగా చూశాక దాని మీద కోపం తెచ్చుకోవడం నాకు చేతకాలేదు. నన్ను నమ్మి వచ్చిన ప్రాణి ఈ నగరం మొత్తంలో ఇదొక్కటే కదా అనిపించింది. గుమ్మం పక్కనున్న నా సంచీ కూడా గుర్తొచ్చింది. రెండూ ఒకేసారి గుర్తొస్తే మనిషి ఏం చేస్తాడో నేను అదే చేశాను.

కోడిని పట్టేటప్పుడు దాని మీద గుడ్డ కప్పి చీకటి చేస్తే కదలకుండా ఉండిపోతుంది. నాకా సమయానికి అందిన గుడ్డ ఒంటి మీది లుంగీ ఒక్కటే. ముడి విప్పి ఒక్క ఊపున దాని మీద విసిరి, నాలుగు చెంగులూ చేత చిక్కించుకున్నాను. అది కోడిలాగే ఒక్కసారి గింజుకుని ఊరుకుంది. "పట్టేశాను!" అని అరుస్తూ లేచి నిలబడ్డాను. అరుపు విని దోజీ తలుపు తోసుకుని వచ్చింది, వెనకాల సరుకు చూడటానికి వచ్చిన ఇద్దరు పెద్దమనుషులూ వచ్చారు. ఎత్తిన చేతిలో లుంగీ మూట, ఒంటి మీద నిక్కరు. పెద్దమనుషులు పక్క గోడ వైపు చూస్తూ ఈ ఏడాది మినుముల పంట గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు.

మూటని గంపలో పెట్టి మూత కట్టి, చిమిండైంగ్ రేవులో పడవెక్కాం, దోజీ, నేను, గంప. అవతలి ఒడ్డున పొలాల్లో వదలాలని ఆవిడ మొక్కుకుందట. నా లుంగీ గంపలో ఉంది కాబట్టి నేను గోనెసంచీ చుట్టుకున్నాను. వెనక వైపు "మినుములు, ఎగుమతి సరుకు" అని నా చేతిరాతే ఉంది. అయినా గెలిచినవాణ్ణి కదా, నోరు ఊరుకుంటుందా? బర్మీసులో అందుకున్నాను. "మా ఊళ్ళో చ్వెట్‌లని ఇలాగే పడతాం దోజీ. మా తాత అయితే ఇంతకు రెట్టింపు వాటిని..."

దోజీ కిళ్ళీ నదిలో ఉమ్మి, నీళ్ళకేసి చూస్తూ, తెలుగులో అడిగింది. "ఏటి నాయినా, మీ ఊర్ల ఎలక్కి ఈకలుంటాయేటి?"

పడవ అంచు పట్టుకోకపోతే నదిలో పడేవాణ్ణి.

"మీకు... తెలుగు..."

"మాటాడ్డం సరిగా రాదు. ఇనడం వచ్చు." మాటలు వెతుక్కుంటూ, ఒక్కొక్కటే బయటికి తీస్తోంది. "మా నాయిన ఓడల కాడ మూటలు మోసీవోడు. మీ వైపోడే. మా అమ్మ బర్మా మనిసి. నాయిన పోయినాక నాతో ఈ మాటలాడినోళ్ళు నేరు. ముప్పై ఏళ్ళయిపోనాది. మీరిద్దరు ఆ మూల కూకోని కూస్తంటే, ఇందామని ఊరుకున్నాను. నాకొచ్చని తెలిస్తే నోరు మూసీసుందురు కదా."

నేను గోనెసంచీ ఇంకాస్త బిగించుకున్నాను. ఈకల సంగతి, కాల్చడం సంగతి, రాక్షసుడి సంగతి, అన్నీ విన్నదన్నమాట. "అయితే నా ఉద్యోగం..." అన్నాను.

"రెండో రోజే ఇచ్చీసినాను. నువ్వే అడగనేదు." గంప మూత సర్ది, ఇంకా మెల్లగా అంది. "మా నాయిన కూడా కోళ్ళని అలగే పిలిసీవోడు. బో బో బో అని. నువ్వు పిలస్తంటే నాను పని సెయ్యనేకపోనాను."

అవతలి ఒడ్డున దిగి, గట్టు మీద గంప పక్కకి వంచాం. పందికొక్కు లుంగీలోంచి బయటికి వచ్చి, ఎండకి కళ్ళు చికిలించి, నాలుగడుగులు వేసి ఆగింది. దానికి వీడ్కోలుగా ఏదో ఒకటి అనాలనిపించి, నాకు తెలియకుండానే "బో బో బో" అన్నాను. అది వెంటనే వెనక్కి తిరిగి నా వైపే వచ్చేసింది. "ఓరి నీ నోరు పడిపోను! మళ్ళీ పిలస్తావేటి!" అని దోజీ అరిచింది. చెప్పు చేతికి తీసుకుంది గానీ, అది దాని మీద విసరడానికి కాదు. పందికొక్కు కాసేపు నూకల కోసం ఎదురుచూసి, రావని తెలుసుకుని, వరి దుబ్బుల్లోకి వెళ్ళిపోయింది. దోజీ చేతులు జోడించి, బౌద్ధులు పుణ్యకార్యం చేశాక అనే అలవాటు ప్రకారం, మూడుసార్లు సాధు అంది. ఆ తరవాత గట్టు మీద చతికిలబడి, కళ్ళ వెంట నీళ్ళు కారేలా నవ్వింది. ఆ నీళ్ళన్నీ నవ్వువే అని నేను అనుకోలేదు, అడగనూ లేదు.

ఆ గోదాంలో పన్నెండేళ్ళు పనిచేశాను. దోజీ నాతో తెలుగు మాట్లాడేది, నేను సరిదిద్దబోతే కోప్పడేది. ఈ కథ పెళ్ళిళ్ళలో, టీ దుకాణాల్లో ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. చెప్పిన ప్రతిసారీ, పడవలో నేనే దోజీ కాళ్ళ మీద పడి, కోడనుకున్నానని ఒప్పేసుకున్నట్టు చెప్పాను. వినేవాళ్ళు నా నిజాయతీని మెచ్చుకునేవారు. ఒకసారి దోజీ ఎదుటే అలా చెప్పాను. ఆవిడ కిళ్ళీ నములుతూ చివరిదాకా విని, కాదనలేదు.

కిందటేడు ఆవిడ పోయింది. నేనెలా చెప్పినా కాదనగలిగిన మనిషి ఇంకెవరూ లేరు. అదేమిటో, ఆ వీలు దొరికిన దగ్గర్నుంచీ ఆ అబద్ధం చెప్పబుద్ధి కావడం లేదు. అందుకే ఇక్కడ మొదటిసారి ఉన్నదున్నట్టు రాస్తున్నాను. ఆ రోజు నేనేమీ ఒప్పుకోలేదు. ఆవిడే నన్ను పట్టుకుంది. నేను గోనెసంచీ చుట్టుకుని, తల వంచుకుని కూర్చున్నానంతే.