అవ్వ చెప్పిన రాక్షసుడు

మొన్న నందికొట్కూరు సంతలో ఎవరో ఇసుక పోసి వేరుశనక్కాయలు వేయిస్తుంటే, ఆ వాసనకు నా కాళ్లు అక్కడే ఆగిపోయాయి. మా అవ్వ ఇంట్లో ఎండాకాలమంటే వేరుశనక్కాయలే. తొలకరికి ముందు విత్తనానికని బస్తాలకొద్దీ కాయలు పడసాలలో కుమ్మరిస్తే, పిల్లలమంతా చుట్టూ కూర్చుని, బొటనవేళ్లు కందిపోయేదాకా మధ్యాహ్నాలన్నీ ఒలిచేవాళ్లం. విత్తనాలు మా కడుపుల్లోకి పోకుండా అవ్వ కథ ఎత్తుకునేది. మాటమాటకూ మేం "ఊ" కొట్టాలి. నోట్లో గింజలున్నవాడి "ఊ" ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. "ఉమ్మెయ్‌రా దొంగా" అనేది, కథ ఆపకుండానే.

ఆ కథలో బావులు తాగేసే రాక్షసుడొకడు ఉండేవాడు. వాడికి కోరలూ కొమ్ములూ లేవు. ఎండిన వంకలో తుమ్మచెట్టు కింద కూర్చుని, దారిన పోయేవాణ్ణి మెల్లగా పలకరించేవాడు: "ఏమప్పా, యాడికి పోతాండావు? శానా ఎండగుండాది, ఈడ కూచో." అంతే! అచ్చం మా పెద్దనాయన పిలుపులాగే ఉండే ఆ పిలుపుకు మాకు ఒళ్లు జలదరించేది. ఒక్క గింజా నోట్లోకి పోయేది కాదు.

ఎనిమిదో తరగతిలో బడి పత్రికకని ఆ కథ రాశాను. నా తెలివి తెల్లారినట్లే ఉంది! రాక్షసుణ్ణి "భీకరాకారుడు" చేసి, "ఓయీ బాటసారీ, ఎచ్చటికేగుచున్నావు?" అనిపించాను. మొదటి బహుమతి వచ్చింది. చదువురాని అవ్వ పత్రికను కళ్లకద్దుకుని, నాచేత రెండుసార్లు చదివించుకుంది.

"నేను చెప్పేది మోటు కథ. కథంటే నువ్వు రాసిందే, అమ్మీ."

నేను ఉబ్బిపోయానే గాని, కాదనలేదు.

మరుసటి ఎండాకాలం అవ్వ నా మాటలతోనే కథ చెప్పబోయింది. "ఎచ్చటికే..." దగ్గర నాలుక తడబడి నావైపు చూసింది. నేను పంతులమ్మలా అందించాను. పిల్లలు పకపకా నవ్వారు. ఎవరికీ భయం వేయలేదు, గుప్పిళ్లకొద్దీ గింజలు బుక్కారు. "నాకు రాదులే, నువ్వే చెప్పు" అని అవ్వ ఒడి దులుపుకుని లేచింది. ఆ కథ మళ్లీ ఆమె నోట వినలేదు. తలచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇప్పుడు అవ్వ లేదు. కాయలు ఒలవడానికి మిషన్లొచ్చాయి. నేనేమో పిల్లలకు మాయల కథలు రాస్తున్నాను. ఆ రాక్షసుణ్ణి వాడి మాటతోనే రాద్దామని కూర్చుంటే, పలకరింపు తర్వాత వాడేమన్నాడో ఎంతకీ గుర్తురాలేదు. నాతోపాటు ఆ కథలు విన్న చిన్నాయన కొడుకు కోసిగిలో ఉంటాడు. వాడికి ఫోన్ చేశాను.

"మరిచిపోతానా అక్కా! నా కూతురికి రోజూ అవ్వ కథే చెప్తాండా" అని, వాడు గొంతు సవరించుకున్నాడు. "నిలువుము! నీ కడవలోని జలమును నాకొసంగుము!"

అవి నేను రాసిన మాటలు. వాడు ఎంతో ప్రేమగా చెప్పుకుపోతున్నాడు. నేను మాటమాటకూ "ఊ" కొట్టాను.