పడమటి గోడ మీద బచ్చలి

రోడ్డు వెడల్పు చేస్తామని మా వాకిట్లో పడమటి వైపున్న వేపచెట్టును కొట్టేశారు. చెట్టు పోయింది. రోడ్డు మాత్రం అలాగే ఉంది. అడిగితే ఆఫీసులో ఒకరి మీద ఒకరు చెప్పుకున్నారు.

ఆ వేసవిలో ఏలూరు ఎండంతా మా గోడ మీదే పడింది. లోపల ఆ గోడనానుకుని నా భార్య మంచం. పక్షవాతం వచ్చి ఎడమ పక్క పడిపోయిన మనిషి. అద్దెకున్నది ఒకటే గది. అటు పొయ్యి, ఇటు గుమ్మం, మంచం జరిపే చోటు లేదు. కరెంటు ఎప్పుడు పోతుందో తెలియదు. "ఈవిడ వడదెబ్బకి తట్టుకోలేరండీ, చల్లగా ఉంచండి" అన్నాడు డాక్టరు. ఎక్కడ ఉంచను?

నేను బడి మొహం చూడలేదు. లైబ్రరీలో కూర్చుని అక్షరాలు కూడబలుక్కున్నవాణ్ణి. గోడకు మొక్కలు కప్పితే గది చల్లబడుతుందని అక్కడే చదివాను. కొల్లేటి పక్క చేపల చెరువుల వాళ్ళు పారేసిన వల తెచ్చి, వెదురు కర్రలు పాతి, గోడకు జానెడు ఎడంగా బిగించాను. గోనెసంచి ముక్కలతో జేబులు కుట్టి, పశువుల ఎరువూ కొబ్బరిపీచూ కూరి, బచ్చలీ తోటకూరా పెట్టాను.

"ఏవండీ బాబాయిగారూ, గేదెని మేపినట్టు గోడని మేపుతున్నారేంటండీ?" అని నవ్వింది పక్క వాటా అమ్మాయి.

బచ్చలి తీగ వల పట్టుకుని పైకి పాకింది. ఆ నాలుగు ఆకులు చూసి ఎంత ఆశపడ్డానో! అంతలో ఆకుల అంచులు మాడాయి. గోనె మీద తెల్లగా ఉప్పు పేరుకుంది. నేను పోసింది బోరు నీళ్ళు! నా చిన్నతనంలో కొల్లేటి నీళ్ళు దోసిలితో తాగాం, వాటితోనే అన్నం వండుకున్నాం. కనపడిన నేలంతా చేపల చెరువులు తవ్వి, ఊరి కింద నీళ్ళన్నీ ఉప్పు చేశారు. దీనికి ఎవణ్ణి నిలదీయను?

ఇక కుళాయి నీళ్ళు పొయ్యడం మొదలుపెట్టాను. అవి రోజు విడిచి రోజు వస్తాయి, రెండు వాటాలకీ కలిపి ఒకటే కుళాయి.

"తాగడానికే చాలకపోతే గోడకి పోస్తారేంటండీ?"

"గోడకి కాదమ్మా, మీ పిన్నికి."

ఆ సాయంత్రం ఆ అమ్మాయే బియ్యం కడిగిన నీళ్ళు గిన్నెతో తెచ్చి మా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళింది.

అయినా రోహిణి కార్తెకి ఆకులన్నీ రాలిపోయాయి. ఉత్త వల మిగిలింది. మట్టి తడిగా ఉన్నా కాస్త నయమేనని చెంబుతో పోస్తూనే ఉన్నాను. పోసిన చోటు నా కళ్ళ ముందే ఆరిపోయేది.

ఒక మధ్యాహ్నం లోపలికి వచ్చి అడిగాను. "ఏమేవ్, కాస్తయినా చల్లబడిందా?"

ఆమె కుడి చెయ్యి ఎత్తి గోడకు ఆనించింది. మాట ముద్దముద్దగా వచ్చింది. "చల్లగానే ఉందండీ. ఇంక ఎండలోకి వెళ్ళకండి."

ఆ చేతి పక్కన నా చెయ్యి పెట్టాను. గోడ పెనంలా కాలుతోంది. ఆమె మాత్రం చెయ్యి తియ్యలేదు, నన్నే చూస్తోంది. నెమ్మదిగా ఆ చేతిని తీసి మంచం మీద పెట్టి, చెంబు పట్టుకుని మళ్ళీ బయటికి నడిచాను.