అన్నం మెతుకులతో అతికించిన పేరు

మండపేట దగ్గర మా తాతయ్యగారి పెంకుటింట్లో దయ్యం ఉందని తొంభైల్లో ఊరంతా చెప్పుకునేవారు. వెనక గది తలుపు ఎప్పుడూ మూసే ఉండేది. అయినా మధ్యాహ్నంపూట లోపల ట్రంకుపెట్టె మూత కిర్రుమనేది. తాతయ్య రిటైరైన హెడ్మాస్టరు, సంఘపెద్ద. "క్రైస్తవుల ఇంట్లో దయ్యాలేంటి" అని మమ్మల్ని కసిరేవారు గానీ, తను మాత్రం అటువైపు వెళ్ళేవారు కాదు. ఏటా పాస్టరుగారు వచ్చి, ఆ గుమ్మానికి నూనె రాసి ప్రార్థన చేసి, కోడికూర తిని వెళ్ళేవారు. దయ్యం మాత్రం కదిలేది కాదు.

సాయంత్రం చాపలు పరుచుకుని చేసే కుటుంబ ప్రార్థనలో, మా ఇంటి బైబిలు మొదటి పేజీలో రాసుకున్న పేర్లన్నీ చదవాలి. ఒక్కో పేరుకీ అందరూ ఆమేన్ అనాలి. నా తొమ్మిదో ఏట ఆ చదివే పని నాకు దక్కింది. ఇక నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ కాలేదు.

నాన్న పేరు కింద ఒక వరస మీద కాగితం ముక్క అన్నం మెతుకులతో అతికించి ఉండేది. దాన్ని దాటి చదివేదాన్ని. ఒకరోజు ప్రార్థన మధ్యలో కరెంటు పోయింది. లాంతరు ముందు పేజీ ఎత్తి పట్టుకుంటే ఆ ముక్క కింద అక్షరాలు కనిపించాయి. నాకు తెలివెక్కువ కదా, అందరూ మర్చిపోయిన పేరేదో దొరికిందనుకుని గట్టిగా చదివేశాను.

ఎవరూ ఆమేన్ అనలేదు. అమ్మ నా మోకాలు గిల్లింది. కాసేపటికి మామ్మ ఒక్కతే "ఆమేన్" అంది. తాతయ్య లేచి వరండాలోకి వెళ్ళిపోయారు.

ఆ పేరు మా మేనత్తది. సంఘం బయటి అబ్బాయిని రిజిస్టరు పెళ్ళి చేసుకుందని, నేను పుట్టకముందే తాతయ్య ఆవిణ్ణి గడప తొక్కొద్దన్నారట. కాగితం అతికించిందీ ఆయనే. మర్నాడు మామ్మ నన్ను వెనక గదిలోకి తీసుకెళ్ళింది. ట్రంకుపెట్టెలో అత్త ఓణీలు, స్కూలు పుస్తకాలు ఉన్నాయి. రోజూ మధ్యాహ్నం ఆ ఓణీలు విప్పి, మళ్ళీ మడత పెట్టుకునేది మామ్మ. మా ఇంటి దయ్యం ఆవిడే. నాకు ఏడుపొచ్చింది.

"రోజూ ఆ పేరు చదువమ్మా," అంది. "మీ తాతయ్య చేత ఆమేన్ అనిపించకుండా నేను పోను."

మూడేళ్ళు చదివాను. మామ్మ ఆమేన్ అనేది. తాతయ్య లేని దగ్గు తెచ్చుకుని దగ్గేవారు.

పంతం నెగ్గకుండానే మామ్మ పోయింది. సమాధుల దొడ్డిలో అత్తని మొదటిసారి చూశాను. నడకలో అచ్చం మామ్మే. సాయంత్రం ఇంటిదాకా వచ్చి, బయట అరుగు మీదే కూర్చుండిపోయింది. లోపలికి రమ్మనే ధైర్యం నాన్నకి కూడా లేకపోయింది. ప్రార్థనలో అత్త పేరు దగ్గరికొచ్చేసరికి, దానికి ఆమేన్ అనే మనిషి ఇక లేదని గుర్తొచ్చింది. అయినా చదివాను.

తాతయ్య దగ్గలేదు. పడక్కుర్చీలోంచి మెల్లిగా "ఆమేన్" అన్నారు. తర్వాత గుమ్మం వైపు తిరిగి, "మంచు పడుతోంది, లోపలికి రా అమ్మా," అన్నారు.